నేను నున్నగా చేసిన మిషను

నేను బాగుచేసిన మిషన్లలో ఒకే ఒక్కదాని గురించి మా ఆవిడకు తప్ప ఎవరికీ చెప్పుకోలేదు. అది బాగుపడింది. దాన్లో అనుమానం లేదు. బాగుపడి, కుందుర్పికి అవతల ఒక పల్లెలో ఒక టైలరు చేతిలో ఉన్న పనిని పోగొట్టింది. మిషను పోగొట్టిందనడం కూడా నా తప్పును దాని మీదికి నెట్టడమే. పోగొట్టింది నేను.

రాయదుర్గంలో నాది చిన్న అంగడి. మా ఊళ్లో సందు సందుకూ జీన్సు కుట్టే యూనిట్లున్నాయి. ఇరవై ఏళ్లకు పైగా ఆ యూనిట్లలో మోటారు మిషన్లకు మెకానిక్కుగా చేశాను. నా నోరు మంచిది కాదు. ఒక సూపర్‌వైజరుతో మాటా మాటా పెరిగి, చేతిలో ఉన్న స్పానరు గోడకేసి కొట్టి బయటికి వచ్చేశాను. ఆ తర్వాత పాత కాలు మిషన్లు పట్టుకున్నాను. నల్లటి ఇనుప తల, దాని మీద బంగారు రంగు పూలు, కింద పోతపోసిన స్టాండు, తోలు బెల్టు. తాతల నాటివి. పల్లెల్లో కట్టెల కింద, పాత సామాను కింద పడి ఉంటాయి. వాటిని తెచ్చి, విప్పి, కడిగి, తుప్పు గీకి, రంగు వేసి నిలబెడితే బెంగళూరు వాళ్లు ఎగబడతారు. కుట్టుకోవడానికి కాదు, హాల్లో పెట్టుకోవడానికి. పని మొదలుపెట్టే ముందు ఒక ఫోటో, పూర్తయ్యాక ఒక ఫోటో తీసి రెంటినీ పక్కపక్కన ఫోన్లో స్టేటస్ పెట్టేవాణ్ణి. "నీ చేతిలో ఏముందప్పా!" అని ఎవరైనా మెసేజీ పెడితే ఆ పూట నేల మీద నిలబడేవాణ్ణి కాదు. మా ఆవిడ మాత్రం, "మిషన్లకు తలంటి పోస్తావు, ఇంట్లో మనిషి మొగం సూసేదానికి నీకు తీరిక ల్యా" అనేది.

మా వైపు పాత మిషన్లకు పట్టే జబ్బు ఒకటుంది. చెనిక్కాయ నూనె. మిషను నూనె సీసా అయిపోతుంది, అంగడి దూరం. వంటింట్లో చూస్తే వేరుశనగ నూనె ఉండనే ఉంటుంది. మేం పండించేది ఆ పంటే, తినేది ఆ నూనే. రెండు చుక్కలు పోస్తారు. వారం రోజులు మిషను గాలిలా తిరుగుతుంది. ఆ మీద అది లోపల ముదురు పాకంలా బిగుసుకుని, ఇనుముకూ ఇనుముకూ మధ్య గట్టిగా అతుక్కుంటుంది. చక్రం పట్టుకుని ఎంత గుంజినా కదలదు. ఈ తప్పు మా జనం తప్ప ఇంకెవరూ చేస్తారనుకోను.

బడులు తెరవడానికి ఇంకో పదీ పన్నెండు రోజులుందనగా, ఒకామె అలాంటి మిషనునే లగేజీ ఆటోలో వేసుకుని వచ్చింది. అరవై దాటిన మనిషి. దారి పొడుగునా మిషను పడిపోకుండా పట్టుకునే వచ్చినట్టుంది, దిగాక కూడా దాని మీది నుంచి చెయ్యి తియ్యలేదు. నేను చక్రం మీద చెయ్యి వేసి చూశాను, వేలు వాసన చూశాను. నాకు ఒళ్లు మండింది.

"చెనిక్కాయ నూనె పోసినావా?"

"మిషను నూనె అయిపోయింటే... ఒగ దినానికని పోస్తినప్పా."

"దీనికి తాలింపు పెడతాండావా అక్కా? ఆవాలు గూడా ఎయ్యకపోతివి!"

ఆమె కోప్పడలేదు. "ఏమన్నా అను అప్పా. బడి తెరిసే లోపల తిరిగేట్ట చెయ్యి. మా ఇంటి ఆయప్ప టైలరు. ఊర్లో పిల్లోళ్ల బట్టలన్నీ ఆయప్ప కాడనే ఉండాయి. మిషను ఆగినప్పట్నుంచి అన్నం గూడా సరిగ్గ తినడంల్యా. ఆ పని పోతే ఆయప్ప మనిషిగా మిగలడు" అంది.

సరే అన్నాను. ఆటో ఎక్కబోతూ ఆగి మళ్లీ నా దగ్గరికి వచ్చింది. "తిరిగితే సాలు. ఇంకేమీ ముట్టుకోవద్దు. రంగు గింగు ఏమీ వద్దు."

"నీ కాడ దుడ్లు అడగనులే, భయపడొద్దు."

"దుడ్ల మాట కాదప్పా..." అని అటూ ఇటూ చూసింది. అంగడి ముందు ఇద్దరు ముగ్గురు నిలబడి ఉన్నారు. ఆటోవాడు హారను కొట్టాడు. ఆమె ఆ మాట పూర్తి చేయకుండానే ఎక్కి వెళ్లిపోయింది. ఏమిటమ్మా సంగతి అని నేనొక్క ముక్క అడిగింటే సరిపోయేది. అడగలేదు. రంగు ఖర్చుకు భయపడుతోంది, పాపం అనుకున్నాను. పాపం అనుకోవడంలో ఉన్న గొప్ప నాకు బాగా నచ్చింది.

తల విప్పి డీజిలులో నానబెట్టాను. ఒకప్పుడు రేషను కిరసనాయిలు దొరికేది, ఇప్పుడదీ లేదు. మర్నాటికి ఆ పసుపు పచ్చటి జిగురు మెత్తబడింది. పాత టూత్‌బ్రష్షుతో, సూదితో, గుడ్డ పీలికలతో ఒక్కొక్క సందూ తోడాను. స్క్రూల గాడుల్లో ఏళ్ల తరబడి ఆయుధపూజ కుంకుమ, పసుపు, విభూతి పొరలు పొరలుగా పేరుకుని ఉన్నాయి. అవీ గీకేశాను. చక్రం తిరిగింది. అక్కడ ఆపేసి ఉంటే ఇప్పుడిది రాసే పని ఉండేది కాదు.

కానీ మిషను చూడడానికి మహా అసహ్యంగా ఉంది. సూది కింద ఉండే ఉక్కు ప్లేటు మీద, సూదికి కుడివైపున, ఆకురాయితో కోసిన మూడు గాట్లు. ఆ గాట్లకు కొనసాగింపుగా నల్లటి రంగు చీల్చుకుంటూ ఒంటి మీద కూడా మూడు గీతలు. చెక్క పలక అంచున చిన్న చిన్న మేకులు కొట్టి ఉన్నాయి, ఒకటి ఇక్కడ, ఒకటి జానెడు దూరంలో, ఇంకోటి నాలుగు వేళ్ల దూరంలో, వరసా వాయీ లేదు. కుట్టు పొడవు మార్చే మీట దగ్గర దారం చుట్టి లక్క పోసి ముద్ద చేశారు. కింద తొక్కే పలక ఒక పక్కకు అరిగి, ఎద్దును లాగినంత బరువుగా ఉంది. ఎవరో పిల్ల వెధవ ఆకురాయి చేతికి దొరికితే ఆడుకున్నాడనుకున్నాను. "థూ, ఇట్లాంటి దాని మీద మనిషనేవాడు కుడతాడా?" అని గట్టిగానే అన్నాను.

ఇక ఊరుకోలేదు. మేకులన్నీ పట్టకారుతో పీకాను, లక్క ముద్ద ఊడగొట్టాను. బొక్కల్లో, గీతల్లో లప్పం పెట్టి ఎమరీ కాగితంతో అరచెయ్యి జారిపోయేంత నున్నగా రుద్దాను. కార్లకు రంగు వేసే షెడ్డుకు తీసుకుపోయి నల్ల రంగు కొట్టించాను. బంగారు పూలు సన్నటి కుంచెతో నేనే దిద్దాను. కొత్త ప్లేటు వేశాను, పాతది తుక్కు డబ్బాలో పడేశాను. తొక్కుడు పలకకు కొత్త బేరింగు, కొత్త బెల్టు. చిటికెన వేలితో నెట్టితే చక్రం పది చుట్లు తిరిగేట్టు చేశాను. చెప్పొద్దూ, అప్పటివరకు నేను చేసిన మిషన్లన్నిట్లోకీ అదే అందమైనది. ఫోటోలు తీసి స్టేటస్ పెట్టాను. మెచ్చుకోళ్లు వచ్చి పడ్డాయి.

వాళ్ల మొహాలు వెలిగిపోవడం నా కళ్లతో చూడాలని నేనే ఆటో మాట్లాడుకుని బయలుదేరాను. కుందుర్పి దాటినాక ఎటు చూసినా బీడు. విత్తనం పడని చేలు, నీళ్లు పడని బోర్ల పక్కన తుప్పు పట్టిన పైపులు. ఊరి నడిమి వీధిలో వాళ్ల ఇల్లు. ముందు వసారాలో మిషను ఉండే చోటు ఖాళీగా ఉంది, నేల మీద నాలుగు కాళ్ల అచ్చులున్నాయి. టైలరు తెల్ల చొక్కా వేసుకుని పీట మీద నిటారుగా కూర్చుని ఉన్నాడు. నా గొంతు వైపు మొహం తిప్పి, "రా తమ్ముడా, కూర్చో. ఎండన పడి వచ్చినావు" అన్నాడు. నాకు ఏ అనుమానమూ రాలేదు.

మిషను దించి నిలబెట్టాం. ఆయన స్టూలు లాక్కుని కూర్చుని రెండు చేతులూ దాని మీద పెట్టాడు. కుడి బొటనవేలు సూది పక్కకు వచ్చి ఆగింది. అక్కడే అటూ ఇటూ తిరిగింది. ఎడమ చెయ్యి చెక్క పలక అంచు మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా జరిగి, మళ్లీ వెనక్కి జరిగింది.

"ఇది మా మిషను కాదు" అన్నాడు.

"మీదే అన్నా! కొత్తదాని మాదిరి చేసినా."

"గాట్లు యాడ?"

"పూడ్చేసినా. ఎంత నున్నగుండాదో సూడు!"

ఆయన చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆమె గడప మీద కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఏమీ ముట్టుకోవద్దంటినే అప్పా... అంత గట్టిగా చెబితినే..." అంది.

ఆ తర్వాత నన్ను లోపలికి పిలిచి, వీధిలోకి వినపడకుండా చెప్పింది. ఆయనకు చూపు పోయి ఏళ్లయింది. ఒక్కసారిగా పోలేదు, అంచుల నుంచి కొంచెం కొంచెంగా పోయింది. అనంతపురంలో డాక్టరు చూసి, కంటి నరం ఎండిపోయింది, ఆపరేషను చేసినా లాభం లేదన్నాడట. ఇంకా రవ్వంత చూపున్నప్పుడే ఆయన ఆ గాట్లు కోసుకున్నాడు. గుడ్డ అంచు మొదటి గాటుకు ఆనితే పక్క కుట్టు, రెండోదానికి ఆనితే చేతుల కుట్టు, మూడోదానికి ఆనితే కింద మడత. మేకులు చొక్కా పొడవుకు, నిక్కరు పొడవుకు, జేబుకు. లక్క ముద్ద ఒత్తు కుట్టుకు గుర్తు. తొక్కుడు పలక బరువును బట్టి ఎన్ని కుట్లు పడ్డాయో ఆయన కాలు లెక్కపెట్టేది. అట్టముక్కల కొలతలు పెట్టి ఆమె కత్తిరించేది, సూదికి దారం ఎక్కించేది, కుట్టేది ఆయన. వాళ్లకు పిల్లలు లేరు. చేను బీడు. కొలతలు తీసేదీ, గుడ్డలు అందుకునేదీ ఆమే, ఆయన వసారా దిగడు. ఆయనకు కనపడదన్న సంగతి ఊళ్లో ఒక్కరికీ తెలియదు.

"గుడ్డోనికి బట్టలు ఎవురిస్తారప్పా? అందుకే నీ అంగడి కాడ అంతమందిలో చెప్పలేకపోతి."

చెప్పు తీసుకుని కొట్టినట్టయింది నాకు. వసారాలోకి వచ్చి ఆ మిషను చూస్తే, బంగారు పూలన్నీ తళతళ మెరుస్తున్నాయి. నా పనంటే నాకు అసహ్యం వేసింది, జీవితంలో మొదటిసారి.

ఆ ఆటోలోనే రాయదుర్గం వెనక్కి వచ్చాను. తుక్కు డబ్బా అప్పటికే పాత ఇనుము కొనేవాడికి పోయింది. వాడి గోదాముకు పరుగెత్తాను. వారానికోసారి లారీ వస్తుంది, ముందు రోజే వచ్చి పోయింది. అయినా మిగిలిన తుక్కు గుట్ట మొత్తం చేతులతో కెలికాను. సైకిలు చెయిన్లు, రేకులు, పంపుసెట్ల ముక్కలు. అరచెయ్యి చీరుకుపోయింది. ప్లేటు దొరకలేదు.

మర్నాడు నాలుగు కొత్త ప్లేట్లు, ఆకురాళ్లు తీసుకుని మళ్లీ వెళ్లాను. "యాడ గీయాల్నో చెప్పన్నా, నువ్వు చెప్పినట్టే గీస్తా" అన్నాను. ఆయన బొటనవేలి గోరు ఆనించి, "ఈడ" అన్నాడు. గీశాను. పాత గుడ్డ మీద కుట్టి, అంచు తడిమి, "కాదు, రవ్వంత ఇట్ల" అన్నాడు. మళ్లీ గీశాను. అది కూడా కాదు. ఆ గాట్లు ఆయన టేపుతో కొలిచి పెట్టినవి కావు. చూపు తగ్గుతూ వచ్చిన కొద్దీ గాటూ, వేలూ ఒకదానికొకటి సర్దుకుంటూ ఏళ్ల మీద కుదిరినవి. మధ్యాహ్నానికి మూడు ప్లేట్లు పాడయ్యాయి. ఏ గీత ఏదో ఆయన వేలికి తెలియడం మానేసింది. తొక్కుడు పలక ఉత్త తేలికైపోయిందన్నాడు. కాలు ఆనించకముందే చక్రం పరుగెడుతోందన్నాడు. బేరింగు బిగించాను. మరీ బిగుసుకుంది. వదులు చేశాను. గడగడలాడింది. వెంట తెచ్చిన ఇంకో మిషను తుప్పు పలక బిగించాను, అయినా పాత బరువు రాలేదు. కొత్త ఇనుము వేయడం నాకు తెలుసు, అరుగుదలను మళ్లీ తెచ్చిపెట్టే పనిముట్టు నా దగ్గర లేదు.

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. నాకది భరించలేనిదైపోయింది. "తిట్టన్నా, నాలుగు తిట్లు తిట్టు" అన్నాను.

"తిడితే గాట్లొస్తాయా తమ్ముడా?" అన్నాడు ఆయన, కోపం లేకుండానే.

కడపట మిగిలిన ప్లేటు మీద ఒకే ఒక గాటు గీసి, సూది పక్కన ఒక ఇనుప పట్టీ బిగించి వచ్చాను. తిన్నటి కుట్టుకు అది ఆసరా. భుజం దగ్గర, చంక దగ్గర తిరిగే కుట్టుకు పనికి రాదు. అది ఆయనకూ తెలుసు. కానీ బడి ముంచుకొస్తోంది. కుట్టాడు.

తర్వాత ఏం జరిగిందో వారం పోయాక ఆమె ఫోను చేసి చెప్పింది. ఒక పిల్లవాడి తల్లి చొక్కా తిరిగి తెచ్చిందట, నవ్వుకుంటూనే. "ఏం మామా, జేబీ మూతిని గూడా కుట్టేసినావే, మా వాడు బలపం యాడ పెట్టుకోవల్ల?" అందట. చొక్కా నేరుగా ఆయన చేతికే ఇచ్చింది. ఆయన దాన్ని తలకిందులుగా పట్టుకుని, జేబు కోసం వీపు వైపు తడిమాడు. ఆ తల్లి నవ్వు ఆగిపోయింది. ఆయన కళ్ల ముందు చెయ్యి ఊపి చూసి, గమ్మున చొక్కా తీసుకుని వెళ్లిపోయింది. సాయంత్రానికి ఊరంతటికీ తెలిసిపోయింది. ఎవరూ గొడవ చేయలేదు. ఒక్కొక్కరే వచ్చి కుట్టని గుడ్డలు తీసుకుపోయారు. "నువ్వు కష్టపడొద్దు మామా, ఇంక కూర్చో" అని మంచిగానే చెప్పి తీసుకుపోయారు. "తిట్టి రంపు చేసింటే బాగుండె అప్పా" అంది ఆమె. "అందరూ జాలిగా మాట్లాడిపోయిరి. ఆయప్ప గోడకు తిరిగి పండుకుండాడు, మూడు దినాలాయె."

ఫోను పెట్టేసి అంగడి షట్టరు దించి లోపల కూర్చుని ఏడ్చాను. మా ఆవిడ అన్నం తెచ్చి, ఏమయిందని అడిగింది. చెబితే, ఎప్పుడూ ఏదో ఒక మాట అనే మనిషి ఆ రోజు అన్నం గిన్నె పక్కన పెట్టి నా పక్కన కూర్చుంది.

అప్పటి నుంచి నెలకోసారి ఆ ఊరికి వెళ్తున్నాను. నూనె వెయ్యాలన్నది సాకు. మొదటి రెండు నెలలు మిషను మీద దుప్పటి కప్పే ఉంది. మూడో నెల వెళ్లేసరికి వీధి మొదట్లోనే మిషను చప్పుడు వినిపించింది. నా నెత్తిన పాలు పోసినట్టయింది. ఆయన వసారాలో కూర్చుని కుడుతున్నాడు. నేను బిగించిన పట్టీకి అంచు ఆనించి, తిన్నగా, మెల్లగా.

"పక్కూర్ల నుంచి దిండు గలీబులు తెస్తాండానప్పా. తిన్నటి కుట్టే గదా, ఆయప్పకు ఇబ్బంది ల్యా" అంది ఆమె. నీళ్ల ట్యాంకరు వచ్చిందని ఎవరో కేకేస్తే బిందె తీసుకుని పోయింది.

ఆమె అడుగుల చప్పుడు వీధి చివర పడేదాకా ఆగి, ఆయన తొక్కడం ఆపాడు. సూది ఎత్తి గలీబు బయటికి తీసి నా చేతికిచ్చాడు.

"నువ్వు కండ్లుండే మనిషివి. సూసి చెప్పు తమ్ముడా. దీన్ని ఎన్నిసార్లు కుట్టినట్టుండాది?"

వెలుగుకు పట్టుకున్నాను. అంచు పొడుగునా సూది బెజ్జాలు. వరస మీద వరస, లెక్క లేనన్ని. ఇంకో నాలుగు రోజులు కుడితే ఆ అంచు ఊడి చేతికొస్తుంది.

"మూడుండాయి ఇట్లాంటివి. మార్చి మార్చి ఇస్తాది" అన్నాడు. "మధ్యాన్నం నేను పండుకున్నాననుకోని, పెరట్లో కూర్చోని దారం విప్పుతాది. నలభై ఏండ్లు కుట్టినోన్ని, దారం తెగే సద్దు నాకు తెలీదా?"

"అడగలేదా అన్నా?"

"అడిగితే ఆమె ఏం చేస్తాది? యాడ నుంచి తెస్తాది గుడ్డలు, గుడ్డోనికోసరం?" గలీబు నా చేతిలో నుంచి తీసుకుని మోకాలి మీద పరిచి చదును చేశాడు. "నేను గోడకు తిరిగి పండుకున్నన్ని దినాలు ఆమె పొయ్యి సరిగ్గ ముట్టించలేదు. ఇప్పుడు నేను కుడుతాంటే లోపల గిన్నెల సద్దు ఇనపడుతుంది. అందుకే కుడుతాండా. ఆమె వచ్చినాక కుట్టు బాగుండాదని చెప్పు. ఇనపడేట్ట చెప్పు."

ఆమె బిందె చంకన పెట్టుకుని మెట్టెక్కింది. నేను లేచి ఆ గలీబును పైకెత్తి పట్టుకున్నాను.

"కుట్టు ఏమొస్తాందక్కా! గీత గీసినట్టుండాది!" అన్నాను. గట్టిగానే అన్నాను.

"ఆయప్ప చెయ్యి అట్లాంటిది" అంది ఆమె నా వైపు చూడకుండా, నీళ్లు తొట్టిలో పోస్తూ.

ఆయన చెయ్యి చాపాడు. గలీబు ఆ చేతిలో పెట్టాను. అంచు పట్టీకి ఆనించుకుని, సూది దించి తొక్కడం మొదలుపెట్టాడు.